నాలుగున్నర గంటలు: చెక్క పాడిల్ స్టీమరు ఆర్కిటిక్ మునక, ఒక కేస్ స్టడీ

1854 సెప్టెంబరు 27 మధ్యాహ్నం ఉత్తర అమెరికా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవి తీరానికి సుమారు 50 మైళ్ల దూరంలో, పొగమంచులో రెండు ఆవిరి ఓడలు ఢీకొన్నాయి. ఒకటి 2,856 టన్నుల చెక్క ఓడ, ఆ కాలంలో అట్లాంటిక్ మీద అత్యంత వేగంగా నడిచినవాటిలో ఒకటి. రెండోది సుమారు 250 టన్నుల ఇనుప చేపల స్టీమరు. చిన్న ఓడకు ముందుకొస దాదాపు పది అడుగుల మేర ఊడిపోయింది, అయినా అది రేవు చేరింది. పెద్ద ఓడ నాలుగున్నర గంటల్లో మునిగిపోయింది. ఓడ భద్రత నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి కేసు అరుదు. దెబ్బ ఒకటే కాబట్టి నిర్మాణంలోనూ నిర్ణయాల్లోనూ ఉన్న తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఓడల పేర్లు చరిత్రలో ఉన్నవే కనుక అలాగే ఉంచాను. కెప్టెన్లనూ సిబ్బందినీ మాత్రం హోదాలతోనే ప్రస్తావిస్తాను. ఇక్కడ పరిశీలించేది వాళ్ల తీర్పులను, వాళ్ల వ్యక్తిత్వాలను కాదు.

నేపథ్యం

అమెరికా ప్రభుత్వ టపా కాంట్రాక్టుతో ఎడ్వర్డ్ నైట్ కాలిన్స్ నడిపిన కంపెనీకి నాలుగు ఓడలుండేవి: అట్లాంటిక్, పసిఫిక్, ఆర్కిటిక్, బాల్టిక్. ఆర్కిటిక్ న్యూయార్క్‌లో తయారై 1850 జనవరిలో నీళ్లలోకి దిగింది. పొడవు 284 అడుగులు, వెడల్పు 46 అడుగులకు కొంచెం తక్కువ. రెండు సైడ్-లీవర్ ఇంజిన్లు (పక్కనుండే పెద్ద మీటల ద్వారా చక్రాలను తిప్పేవి), ఒక్కో సిలిండర్ వ్యాసం 95 అంగుళాలు, పిస్టన్ నడక 10 అడుగులు. ఓడకు రెండు పక్కలా 35 అడుగుల వ్యాసం గల తెడ్డుచక్రాలు. నాలుగు బాయిలర్లు రోజుకు సుమారు 80 టన్నుల బొగ్గు తినేవి. 1852 ఫిబ్రవరిలో ఈ ఓడ న్యూయార్క్ నుంచి లివర్‌పూల్‌కు 9 రోజుల 17 గంటల్లో చేరి రికార్డు సృష్టించింది.

ఆ వేగానికి వెనక డబ్బు ఉంది. మొదట ఏడాదికి 20 ప్రయాణాలకు 3,85,000 డాలర్ల సబ్సిడీ ఇచ్చేవారు. 1852లో దాన్ని 26 ప్రయాణాలకు 8,58,000 డాలర్లకు పెంచారు. బ్రిటన్ కంపెనీ క్యూనార్డ్ కంటే ముందు చేరడమే ఆ పెంపుకు సమర్థన. అందుకని ప్రతి ప్రయాణంలోనూ ఇంజిన్లను గట్టిగా తోలేవారు. న్యూయార్క్ చేరాక తిరుగు ప్రయాణంలోపు మరమ్మతులు రాత్రింబవళ్లు సాగేవి. ఆ రోజు పొగమంచులో వేగం ఎందుకు తగ్గలేదో అర్థం కావాలంటే ఈ కాంట్రాక్టును గుర్తుంచుకోవాలి.

ఇంత పెద్ద ఓడను చెక్కతో కట్టడంలో ఒక అసలు చిక్కు ఉంది. పొడవైన చెక్క ఓడ అల మీద ఎక్కినప్పుడు మధ్యలో పైకి వంగుతుంది, అల పల్లంలో దిగినప్పుడు కిందికి వంగుతుంది. దానికి తోడు నడిమధ్యన ఇంజిన్లు, బాయిలర్లు, బొగ్గు బరువు. రెండు కొసలు తేలిక, కడుపు బరువు. ఈ వంపులకు పలకల మధ్య సందులు ప్రతి ప్రయాణంలోనూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. నార కుక్కి తారు పోసిన సందు కొద్దిగా కదిలినా నీరు కారుతుంది. ఇనుప పట్టీలు ఏటవాలుగా బిగించి దీన్ని కొంత అదుపు చేసేవారు, పూర్తిగా ఆపడం మాత్రం కుదరదు.

నీరు చొరని అడ్డగోడలు, అంటే బల్క్‌హెడ్లు, చెక్క ఓడలో ఎందుకు అరుదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇనుప ఓడలో గోడను పక్క రేకులకు రివెట్లతో బిగిస్తే రెండూ కలిసే కదులుతాయి. చెక్క ఓడలో ఓడ పొట్ట ఒకవైపు కదులుతుంటే మధ్యలో నిలబెట్టిన గోడ అంచు సందు ఇచ్చేస్తుంది. పైగా రెండు ఇంజిన్లు, నాలుగు బాయిలర్లు, బొగ్గు గదులు కలిసి ఓడ మధ్య భాగమంతా ఆక్రమించేవి. బొగ్గు ముందూ వెనకా మోయాలంటే గోడలు అడ్డం. కాబట్టి ఆర్కిటిక్ కడుపు ముందు నుంచి వెనకదాకా ఒకే గది లాంటిది. ముందు రంధ్రం పడితే వచ్చే నీరు బాయిలర్ గదికి తిన్నగా పారే ఏర్పాటు అది.

ఎదురైన సమస్య

సెప్టెంబరు 20న లివర్‌పూల్ వదిలిన ఓడలో దాదాపు 400 మంది ఉన్నారు, అందులో 150 మంది వరకు సిబ్బంది. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర చేపలవేట జరిగే గ్రాండ్ బ్యాంక్స్ సముద్ర ప్రాంతంలో పొగమంచు తెరలు తెరలుగా వస్తూ పోతూ ఉంది. ఓడ వేగం 12 నాట్లకు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) పైనే.

పొగమంచులో వేగంగా పోవడం ఆ కాలంలో తెలిసి తెలిసి పాటించిన పద్ధతి. మంచులో ఎంత తక్కువసేపు ఉంటే ప్రమాదం అంత తక్కువ అన్నది దాని వెనక వాదన. ఈ వాదనలో లోపం చూపడం సులువే. మంచులో గడిపే సమయం తగ్గుతుంది, నిజమే. ఎదురు ఓడ కనిపించాక తప్పించుకోవడానికి మిగిలే సమయం కూడా అంతే తగ్గుతుంది. రెండు ఓడలూ కలిసి 20 నాట్ల వేగంతో దగ్గరవుతుంటే సెకనుకు పది మీటర్లు. దృష్టి 400 మీటర్లే అనుకుంటే 40 సెకన్లు కూడా లేవు. సైడ్-లీవర్ ఇంజిన్‌ను ఆపి వెనక్కి తిప్పాలంటే కింద ఇంజినీర్లు కవాటాలను చేత్తో ఆడించాలి. పైనుంచి ఆజ్ఞ వెళ్లి, ఇంజిన్ ఆగి, 35 అడుగుల చక్రాలు తిరగబడేలోపు ఆ 40 సెకన్లు అయిపోతాయి.

ఎదురొచ్చినది వెస్టా అనే ఫ్రెంచి స్టీమరు. ఇనుప పొట్ట, వెనక ప్రొపెల్లర్. చేపలవేట ముగించుకుని న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి ఫ్రెంచి దీవి సెయింట్ పియర్ నుంచి ఫ్రాన్స్‌లోని గ్రాన్‌విల్‌కు తిరిగి వెళ్తోంది. అందులో దాదాపు 200 మంది, ఎక్కువమంది జాలర్లు. మధ్యాహ్నం 12.15 ప్రాంతంలో దాని ముందుకొస ఆర్కిటిక్ కుడిపక్కన, తెడ్డుచక్రానికి ముందున్న భాగంలో గుచ్చుకుంది. ఆర్కిటిక్‌కు మూడు చోట్ల రంధ్రాలు పడ్డాయి, వాటిలో రెండు నీటిమట్టానికి దిగువన. పెద్దది సుమారు ఐదున్నర అడుగుల పొడవు, అడుగుకు పైగా వెడల్పు. వెస్టా ముక్కులోని ఇనుము కొంత పలకల్లోనే ఇరుక్కుపోయింది.

లోపల ఉన్న చాలామందికి దెబ్బ గట్టిగా తగిలినట్టే అనిపించలేదు. పెద్ద ఓడ బరువు వల్ల అది స్వల్పంగా తోచింది.

మొదటి నిర్ణయం, దాని మూల్యం

డెక్ మీద నుంచి చూస్తే మునిగేది వెస్టాయే అనిపిస్తుంది: ముక్కు లేదు, జనం అరుస్తున్నారు. కెప్టెన్ తన ప్రధాన అధికారిని ఆరు పడవల్లో ఒకదానిలో, కొందరు నావికులతో వెస్టాకు సాయంగా పంపాడు. మానవత్వం ప్రకారం అది సరైన పనే. కానీ అప్పటికి తన ఓడలోకి ఎంత నీరు వస్తోందో కొలత లేదు. నిమిషాల్లోనే ఓడ ముందుకు వంగడం కనిపించింది. అప్పటికే ఆ పడవ దూరమైపోయింది, తిరిగి ఓడను చేరలేదు. ఒక పడవ, దాని కంటే ముఖ్యంగా ఓడలో రెండో పెద్ద అధికారి, అత్యవసరమైన గంటల్లో లేకుండా పోయారు.

ఇక్కడ క్రమం ముఖ్యం. ఢీకొన్న వెంటనే మొదట చేయాల్సింది ప్రతి భాగంలోనూ ఓడ అడుగు దాకా కొలకర్ర దించి నీటి లోతు చూడడం, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చూడడం. ఒక్క కొలత నీరు ఉందని మాత్రమే చెబుతుంది. రెండు కొలతల మధ్య తేడా ఎంత సమయం ఉందో చెబుతుంది. పది నిమిషాల్లో అయ్యే పని ఇది. ఎదుటి ఓడకు సాయం అప్పుడు పంపినా ఆలస్యం కాదు.

రంధ్రంలోంచి ఎంత నీరు వస్తుందో అంచనా వేయడం కష్టం కాదు. నీటిమట్టానికి రెండు మీటర్ల దిగువన చదరపు మీటరులో పదోవంతు రంధ్రం ఉంటే నీరు సెకనుకు ఆరు మీటర్లకు పైగా వేగంతో దూసుకొస్తుంది. అంచుల దగ్గర ప్రవాహం కుంచించుకుపోయే లెక్క వేసుకున్నా నిమిషానికి సుమారు 22 టన్నులు. ఆర్కిటిక్ పెద్ద రంధ్రం దానికి ఐదు రెట్లు, అంటే పూర్తిగా తెరుచుకుని ఉంటే నిమిషానికి 110 టన్నులు, గంటకు 6,000 టన్నులకు పైనే. నిజంగా అంత వచ్చి ఉంటే ఓడ నాలుగున్నర గంటలు తేలేది కాదు. పలకల్లో ఇరుక్కున్న వెస్టా ఇనుము, విరిగిన చెక్కలు రంధ్రాన్ని కొంత మూసి ఉండాలి. లోపల నీటిమట్టం పెరిగేకొద్దీ ప్రవాహమూ కొంత తగ్గి ఉండాలి. సాయంత్రం దాకా ఓడను నిలబెట్టినది బహుశా ఆ ఇనుమే. తర్వాతి ప్రయత్నాన్ని చెడగొట్టినదీ అదే.

ప్రయత్నించినవి, విఫలమైనవి

మొదటిది తెరచాప. రంధ్రం మీదుగా ఓడ పొట్ట చుట్టూ తెరచాప లాగి బిగిస్తే నీటి ఒత్తిడే దాన్ని రంధ్రానికి అదిమి పెడుతుంది. చెక్క ఓడల కాలంలో ఇది చాలా ఓడలను కాపాడిన పాత పద్ధతి. దానికి పొట్ట నునుపుగా ఉండాలి. ఇక్కడ ఇనుప ముక్కలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. గుడ్డ పలకలకు అతుక్కోకుండా వాటి మీదే ఆగిపోయింది. లోపలి నుంచి పరుపులు కుక్కి మూసే ప్రయత్నమూ జరిగింది. రంధ్రం మరీ దిగువన ఉండడంతో, నీరు తోసుకొస్తుండడంతో అదీ నిలవలేదు.

ఓడను ఎడమవైపుకు ఒరగబెట్టి రంధ్రాన్ని పైకి తేవచ్చు కదా అన్నది తరగతిలో తప్పక వచ్చే ప్రశ్న. లెక్క చూద్దాం. మధ్యగీత నుంచి పక్క దాకా 23 అడుగులు. ఒక డిగ్రీ ఒరిగితే పక్క సుమారు ఐదు అంగుళాలు లేస్తుంది, ఐదు డిగ్రీలు ఒరిగితే రెండు అడుగులు. పై రంధ్రానికి అది మేలే. కానీ అంత ఒరగాలంటే వందల టన్నుల బొగ్గును చేత్తో మరో పక్కకు మోయాలి. తెడ్డుచక్రాల ఓడలో ఇంకో చిక్కు ఉంది: ఒక చక్రం లోతుగా మునిగి రెండోది గాలిలో తిరుగుతుంది, ఇరుసు మీద భారం సమంగా ఉండదు, ఓడ ఒక పక్కకే లాగుతుంది. ఇంజిన్ నడిపి తీరం చేరాలంటే ఒరగడం శత్రువు. నిలబడి తేలుతూ సాయం కోసం చూడాలంటే అది మిత్రుడు. రెండూ కలిపి చేయలేం, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

కెప్టెన్ తీరాన్ని ఎంచుకున్నాడు. న్యూఫౌండ్‌లాండ్ కొసనున్న కేప్ రేస్ వైపు పూర్తి వేగంతో నడిపించాడు. ఆ పరుగు మొదట్లోనే మంచులో వెస్టా దింపిన ఒక పడవ ఎదురై చక్రాల కింద పడింది. అందులో బతికినది ఒక్కరే.

ఈ నిర్ణయాన్ని తీసిపారేయలేం. 50 మైళ్లు, 12 నాట్లు, నాలుగు గంటల పైచిలుకు. ఓడ నిజంగా నాలుగున్నర గంటలు తేలింది కూడా. కాగితం మీద చూస్తే గట్టున ఎక్కించడానికి సరిపోయే సమయమే. అయితే చూడాల్సిన గడువు ఓడ మునిగేదాకా ఉన్న సమయం కాదు, కొలుముల్లోకి నీరు చేరేదాకా ఉన్న సమయం. బాయిలర్లు ఓడ అడుగున ఉంటాయి, వాటి కింది నిప్పుగూళ్లు ఇంకా దిగువన. అడ్డగోడ లేదు. ఓడ ముందుకు సాగుతున్నకొద్దీ కుడిపక్క ముందున్న రంధ్రంలోకి నీరు మరింత ఒత్తిడితో పోతుంది. అలా ఇంకా తీరం చాలా దూరంలో ఉండగానే నిప్పులు ఆరిపోయాయి, చక్రాలు ఆగిపోయాయి.

నిప్పు ఆరడం వల్ల పోయింది వేగం ఒక్కటే కాదు. ఆ కాలపు ఆవిరి ఓడలో అన్నిటికంటే పెద్ద పంపు ఇంజిన్‌కే ఉంటుంది. ఆవిరిని చల్లబరచడానికి సముద్రం నీటిని తోడే గొట్టాన్ని మళ్లించి ఓడ అడుగునున్న నీటిని తోడించవచ్చు. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది, చేతిపంపులే మిగులుతాయి. ఓడను కాపాడాల్సిన పంపు ఓడ మునకతోనే ఆగిపోయే ఏర్పాటు ఇది. అందుకే నేటి ఓడల్లో అత్యవసర జనరేటర్‌నూ, అత్యవసర అగ్నిమాపక పంపునూ ఇంజిన్ గదికి బయట పెడతారు.

పడవలు

ఆరు పడవలు, ముడతల లోహపు రేకుతో చేసిన మంచి పడవలు. అన్నీ కలిపి సుమారు 180 మందికి చోటు. ఓడలో ఉన్నది దాని రెట్టింపు కంటే ఎక్కువ. అందరికీ చోటుండాలని అప్పటి చట్టం అడగలేదు.

చోటు తక్కువైనా 180 మంది బతకవలసింది. 85 నుంచి 88 మందే బతికారు, వాళ్లలో మూడింట రెండు వంతులు సిబ్బందే. స్త్రీలలో గానీ పిల్లల్లో గానీ ఒక్కరూ బతకలేదు. ఈ వాక్యం రాయడం ఇప్పటికీ కష్టమే. కంపెనీ అధిపతి భార్య, ఇద్దరు పిల్లలు, కెప్టెన్ కొడుకు కూడా పోయినవాళ్లలో ఉన్నారు.

సిబ్బంది పిరికితనమే కారణమని ఆనాటి పత్రికలు తిట్టిపోశాయి. అది నిజమే అయినా అక్కడితో ఆగిపోతే నేర్చుకునేది ఏమీ లేదు. ఏ పడవకు ఎవరు, ఎవరు దించుతారు, ఎవరు మొదట ఎక్కుతారు అన్నది ముందే రాసిపెట్టలేదు, సాధన చేయించలేదు. ఇంజిన్ గది మనుషులు డెక్ అధికారుల ఆజ్ఞల కింద పనిచేసే అలవాటు లేనివాళ్లు. నిప్పులు ఆరగానే వాళ్లకు పని లేకుండా పోయింది, పైకి వచ్చేశారు. ఓడ మునుగుతుందని అందరికంటే ముందు, అందరికంటే కచ్చితంగా తెలిసినది వాళ్లకే. ఇంజిన్ విభాగం ముఖ్యులు కొందరు ఒక పడవ తీసుకుని వెళ్లిపోయారు. స్త్రీలు, పిల్లలు ఎక్కిన ఒక పడవను దించుతుండగా తాడు ఒక కొసన వదిలేసి, లోపలివారు సముద్రంలో పడ్డారు. మిగిలిన పడవలు కొన్ని నిండకుండానే దూరంగా వెళ్లిపోయాయి.

విడిచిపోనివాళ్లూ ఉన్నారు. ఒక కుర్ర ఇంజినీర్ సంకేత ఫిరంగి దగ్గరే నిలబడి చివరిదాకా పేల్చుతూ ఓడతోపాటు పోయాడు. మూడో అధికారి కొయ్యలు, స్తంభాలు కట్టి తెప్ప చేయించాడు. పని సగంలో ఉండగానే జనం దాని మీదికి దూకారు. డెబ్బై మందికి పైగా ఎక్కిన ఆ తెప్ప నీటి అంచుకు దిగిపోయింది. చల్లని నీళ్లలో రాత్రి గడిచేసరికి మిగిలినది ఒక్కరు.

ఓడ సుమారు 4.45కు వెనకభాగం ముందుగా మునిగింది. కెప్టెన్ ఓడతోపాటు మునిగి, తేలి, విరిగిపడిన తెడ్డుచక్రపు పెట్టె (చక్రం మీది కప్పు) ముక్క మీద రెండు రోజులుండి బతికాడు.

పనిచేసినది: వెస్టా

వెస్టా కెప్టెన్‌కు మొదటి నిమిషాల్లో తన ఓడ పోయిందనే అనిపించి ఉండాలి. అతను చూసినది ఒకటే: ముందుకొస వెనకనున్న అడ్డగోడ నిలిచిందా లేదా. నిలిచింది, కానీ వంగుతోంది. ఆ గోడ వెనక పరుపులు, తెరచాపలు, చేతికందిన మెత్తని సామానంతా అదిమి, వాటి వెనక పలకలు పెట్టి, దూలాలతో ఎదురు ఒత్తి బిగించారు. మెత్తని పొర ఎందుకంటే గోడ ఉపరితలం వంకర టింకరగా ఉంటుంది, పలక తిన్నగా ఆనదు. నడుమ మెత్త ఉంటే ఒత్తిడి సమంగా పరుచుకుంటుంది, కారే సందులూ మూసుకుంటాయి. తర్వాత ముందు కొయ్యస్తంభాన్ని నరికి సముద్రంలో తోశారు. ముందున్న బరువును, మనుషులను వెనక్కి పంపారు. ముక్కు లేచింది, అడ్డగోడ మీద నీటి ఎత్తు తగ్గింది, ఒత్తిడీ తగ్గింది. ఆ తర్వాతే మెల్లగా కదిలి న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ రేవుకు చేరారు.

ఆ వరుస గమనించాలి: పట్టు చూసుకోవడం, పట్టు బిగించడం, పట్టు మీది భారం తగ్గించడం, చివరికి నడవడం. ఆర్కిటిక్‌లో నడవడం ముందు వచ్చింది. పట్టుకోవడానికి గోడే లేదు కనుక వాళ్లకు వేరే దారి తక్కువ. అయినా ఒకటి సాధ్యమయ్యేది. రంధ్రం మూయలేమని తేలగానే తీరం కోసం పరుగెత్తడంతోపాటే, ఇంజిన్ ఇంకా నడుస్తూ జనం ఇంకా మాట వింటున్న ఆ మొదటి గంటలోనే తెప్పలు కట్టడం మొదలుపెట్టాల్సింది. కొయ్యలు, తలుపులు, పీపాలు, తాళ్లు, పనిచేసే చేతులు అన్నీ అప్పుడు ఉన్నాయి. రెండో ఉపాయాన్ని మొదటిది విఫలమయ్యాక మొదలుపెడితే దానికి మనుషులు మిగలరు.

తర్వాత మారినవి

1855లో అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటెయిన్ మోరీ అట్లాంటిక్ మీద తూర్పుకు, పడమరకు వేర్వేరు దారులు గీసి ప్రచురించాడు. ఎదురెదురుగా వచ్చే స్టీమర్లు ఒకే గీత మీద కలవకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. పెద్ద కంపెనీలు అలాంటి దారులను ఒప్పందంగా స్వీకరించింది 1898లో. అందరికీ పడవల్లో చోటు అన్నది అంతర్జాతీయ నియమంగా రాసుకోవడానికి టైటానిక్ కావాల్సి వచ్చింది, 1914 దాకా ఆగాల్సి వచ్చింది. ఆర్కిటిక్‌కు, టైటానిక్‌కు మధ్య 58 ఏళ్లు. తెలిసిన పాఠాన్ని అంతకాలం అమలు చేయకపోవడం నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

కాలిన్స్ కంపెనీ మరో ఓడ పసిఫిక్ 1856 జనవరిలో లివర్‌పూల్ వదిలి, దాదాపు 186 మందితో ఆచూకీ లేకుండా పోయింది. అదే వారం బయలుదేరిన క్యూనార్డ్ కొత్త ఓడ పెర్షియా మంచుగడ్డకు తగిలి ముందుభాగం రేకులు దెబ్బతిన్నా న్యూయార్క్ చేరింది. పెర్షియా కూడా తెడ్డుచక్రాల ఓడే. కానీ ఇనుముతో కట్టినది, లోపల నీరు చొరని గదులున్నది. 1858లో కాలిన్స్ కంపెనీ మూతపడింది.

శిక్షణలో ఈ కేసును వాడేవారికి ఒక సూచన. విద్యార్థులకు 12.30 వరకు జరిగినదే ఇవ్వండి: ఓడ కొలతలు, రంధ్రాల స్థానం, పడవల లెక్క, తీరం దూరం, అడ్డగోడలు లేవన్న విషయం. వెస్టా సంగతి చెప్పకండి. ముగింపూ చెప్పకండి. తర్వాతి ఇరవై నిమిషాల్లో ఇచ్చే ఆజ్ఞలను వరుసగా, ప్రతి ఆజ్ఞకు పక్కన కారణంతో రాయమనండి. ఎక్కువమంది పడవలతో గానీ తీరంతో గానీ మొదలుపెడతారు. కొలకర్ర ఎన్నో వరుసలో వచ్చిందో చూడండి. ఇంజిన్ గది మనుషులకు, నిప్పులు ఆరాక చేయడానికి, ఎవరైనా ఏదైనా పని రాశారో లేదో కూడా చూడండి.